కంట్రోలర్ లెక్క వాట్లలో తేలదు

ఎలక్ట్రిక్ సైకిల్ కిట్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఒకటే అంకె. 250 వాట్లు, 350 వాట్లు, 500 వాట్లు. కొనేవాళ్లు దాన్నే చూస్తారు, అమ్మేవాళ్లు దాన్నే చెబుతారు, అంకె పెరిగేకొద్దీ ధరా పెరుగుతుంది. తీరా చూస్తే అదే మోటార్, అదే రాగితీగ, అవే అయస్కాంతాలు రెండు పెట్టెల్లో రెండు రకాల వాట్లతో అమ్ముడవుతుంటాయి. అలాంటప్పుడు తేడా మోటార్‌లో ఉండదు, దానికి కరెంటు కొలిచి ఇచ్చే కంట్రోలర్‌లో ఉంటుంది. సీటు గొట్టం పక్కనో బ్యాటరీ కిందో బిగించి ఉండే ఆ అల్యూమినియం డబ్బాను చాలామంది వేగం పెంచే యంత్రంగా చూస్తారు. నిజానికి దాని అసలు పని హద్దులు కాయడం. బ్యాటరీ నుంచి ఎంత తీసుకోవచ్చు, మోటార్‌కు ఎంత పంపవచ్చు, వోల్టేజి ఎక్కడిదాకా పడిపోతే ఆపేయాలి అన్న మూడు హద్దులను అది క్షణక్షణం చూసుకుంటుంది. కంట్రోలర్ ఎంపికైనా, సెట్టింగులు మార్చడమైనా, మరమ్మతైనా ఈ మూడింటి మీదే ఆధారపడాలి. ముఖ్యంగా రెండో హద్దు మీద, అంటే మోటార్ తీగల్లో పారే ఫేజ్ కరెంటు మీద. చిక్కేమిటంటే, మామూలు డిస్‌ప్లేలు చూపించనిది సరిగ్గా దాన్నే.

పాతకాలపు డీసీ మోటార్‌లో ఏ తీగచుట్టకు ఎప్పుడు కరెంటు అందాలో కార్బన్ బ్రష్షులు నిర్ణయించేవి. అవి రాచుకుంటూ అరిగిపోయేవి. ఆ పనిని సెమీకండక్టర్ స్విచ్చులకు అప్పగించవచ్చని 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఒక పరిశోధన పత్రంలో వివరించారు. ఇవాళ సైకిల్ చక్రం మధ్యలో తిరిగే హబ్ మోటార్ ఆ కోవలోదే. లోపల కదలని తీగచుట్టలు మూడు ఫేజులుగా ఉంటాయి, వాటి చుట్టూ అయస్కాంతాల వలయం తిరుగుతుంది. ఆ అయస్కాంతాలు ఏ క్షణాన ఎక్కడున్నాయో చెప్పేవి మూడు హాల్ సెన్సర్లు. అయస్కాంత క్షేత్రం తగిలితే కరెంటు పారుతున్న లోహంలో అడ్డంగా స్వల్ప వోల్టేజి పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రమే వాటికి ఆధారం. మూడు సెన్సర్లు, ఒక్కోదానికి ఉన్నది లేదు అన్న రెండు స్థితులు, కలిపితే ఎనిమిది కలయికలు. అందులో మూడూ ఉన్నవి, మూడూ లేనివి అన్న రెండూ మామూలు మోటార్‌లో రాకూడనివి. వస్తే సెన్సరో వైరో పోయిందని అర్థం. మిగతా ఆరు స్థితుల్ని బట్టి కంట్రోలర్ తనలోని మోస్‌ఫెట్ స్విచ్చులను జంటలుగా తెరిచి మూస్తుంది. అదే పనిలో వాటిని సెకనుకు పదహారు, ఇరవై వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ మోటార్‌కు చేరే సగటు వోల్టేజిని థ్రాటిల్ అడిగినంతకు తగ్గిస్తుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. వోల్టేజిని తగ్గించే ఇలాంటి స్విచ్చింగ్ సర్క్యూట్ శక్తిని పారబోయదు, మారుస్తుంది. బ్యాటరీ వైపు ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు. మోటార్ వైపు తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు. కాబట్టి ఈ రెండు కరెంట్లూ ఒకటి కావు. ఒక లెక్క వేసి చూద్దాం. 36 వోల్టుల మీద ఉత్తినే తిప్పితే నిమిషానికి 220 చుట్లు తిరిగే హబ్ మోటార్, 26 అంగుళాల చక్రం, మనిషీ సైకిలూ సరుకూ కలిపి 110 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎత్తు ఎక్కాలి, తొక్కుడు సాయం లేదు. గాలిని పక్కన పెట్టి, టైర్ల రాపిడి కలుపుకుంటే వెనక్కి లాగే బలం సుమారు 76 న్యూటన్లు. దాన్ని గెలవాలంటే చక్రం దగ్గర 25 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. ఈ మోటార్ ఒక్కో ఆంపియర్‌కు ఇచ్చే టార్క్ ఒకటిన్నర న్యూటన్ మీటర్లకు కాస్త పైన, అంటే ఫేజ్ తీగల్లో 16 ఆంపియర్లు పారాలి. తీగచుట్ట నిరోధం 0.2 ఓమ్ అయితే, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వచ్చే వేడి 51 వాట్లు. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంటే మోటార్ చేసే ఉపయోగకరమైన పని సుమారు 250 వాట్లు, బ్యాటరీ ఇచ్చే కరెంటు దాదాపు 8.5 ఆంపియర్లు. అంతవరకూ బాగానే ఉంది.

ఇప్పుడు ముందు ట్రాఫిక్ అడ్డొచ్చి వేగం గంటకు 6 కిలోమీటర్లకు పడిపోయిందనుకోండి. ఎత్తు మారలేదు, బరువు మారలేదు, అందుకని కావాల్సిన టార్కూ మారదు. ఫేజ్ కరెంటు అవే 16 ఆంపియర్లు, వేడి అవే 51 వాట్లు. బ్యాటరీ కరెంటు మాత్రం 5 ఆంపియర్ల లోపుకు దిగుతుంది. బ్రేకు పట్టకుండా థ్రాటిల్‌తోనే బండిని ఎత్తు మీద కదలకుండా నిలబెడితే బ్యాటరీ నుంచి వచ్చేది కేవలం 1.4 ఆంపియర్లు. డిస్‌ప్లే చూస్తే బండి విశ్రాంతిగా ఉన్నట్టే. మోటార్‌లో వేడి మాత్రం ఒక్క వాటు కూడా తగ్గలేదు, పైగా చక్రం తిరగడం లేదు కనుక ఆ వేడి బయటికి పోయే దారీ తగ్గింది. బరువు రెట్టింపైతే కరెంటు రెట్టింపు, వేడి నాలుగింతలు, అంటే 200 వాట్ల పైమాటే. బ్యాటరీ హద్దు 15 ఆంపియర్లు, ఫేజ్ హద్దు 40 ఆంపియర్లు ఉన్న కంట్రోలర్ మీద, గోతిలో ఇరుక్కున్న చక్రాన్ని పూర్తి థ్రాటిల్‌తో లాగితే మోటార్ లోపల 320 వాట్ల వేడి పుడుతుంది. అప్పుడు బ్యాటరీ ఇచ్చేది 9 ఆంపియర్లే. 15 ఆంపియర్ల హద్దు ఉంది కదా అనే ధీమా అక్కడ ఎందుకూ కొరగాదు.

అందుకే కంట్రోలర్ ఎంచుకునేటప్పుడు వాట్లను పక్కనపెట్టి ముందు వోల్టేజి దగ్గర మొదలుపెట్టాలి. 48 వోల్టుల బ్యాటరీ అన్నది వాడుక పేరు మాత్రమే. వరసగా 13 లిథియం అయాన్ సెల్స్ ఉన్న ఆ బ్యాటరీ పూర్తి చార్జింగ్‌లో 54.6 వోల్టులు చూపిస్తుంది. ఆ తరగతి కంట్రోలర్లలో సాధారణంగా వాడే పెద్ద కెపాసిటర్ల మీద 63 వోల్టులని రాసి ఉంటుంది. స్విచ్చులు తెరిచి మూసే ప్రతిసారీ తీగల ఇండక్టెన్స్ వల్ల వోల్టేజి ఎగసిపడుతుంది కాబట్టి ఆ మిగులు అవసరమే. వేగం కోసం ఇదే డబ్బాకు 60 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే, 16 సెల్స్ లెక్కన కూడా పూర్తి చార్జింగ్‌లో 67.2 వోల్టులు వస్తాయి. కెపాసిటర్ హద్దు మొదటి రోజే దాటినట్టు. కింది హద్దుకూ ఇంతే ప్రాముఖ్యం ఉంది. 48 వోల్టుల కంట్రోలర్లు చాలావరకు 42 వోల్టుల దగ్గర్లో ఆగిపోతాయి. నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలకు అది ఒక్కోదానికి 10.5 వోల్టులు, సరిగ్గా ఆపాల్సిన చోటు. 13 లిథియం అయాన్ సెల్స్‌కు ఒక్కోదానికి 3.2 వోల్టులు, అదీ సురక్షితమే. 16 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఉన్న బ్యాటరీకైతే ఒక్కో సెల్‌కు 2.6 వోల్టులే మిగులుతాయి, అంటే దాదాపు అడుగంటాక గానీ ఆగదు. ఒకే అంకె మూడు రకాల బ్యాటరీలకు మూడు రకాల ఫలితాన్నిస్తుంది. పెట్టె మీద 48 వోల్టులని చూసి తెచ్చుకుంటే ఈ తేడా కనబడదు.

వోల్టేజి కుదిరాక కరెంటు. బ్యాటరీలోని బీఎంఎస్, అంటే సెల్స్‌ను కాపాడే సర్క్యూట్, నిలకడగా ఎంత ఇవ్వగలదో కంట్రోలర్ బ్యాటరీ హద్దు దానికి లోపలే ఉండాలి. లేకపోతే ఎత్తు మధ్యలో బీఎంఎస్ టక్కున కట్టేస్తుంది. ఫేజ్ హద్దును నిర్ణయించేది మోటార్ తీగ మందమూ, కంట్రోలర్‌లోని మోస్‌ఫెట్లూ. ఆరు మోస్‌ఫెట్ల డబ్బాలో ఒక్కో స్థానానికి ఒక్కటే ఉంటుంది. పన్నెండున్న దాంట్లో రెండేసి పక్కపక్కన కలిసి పనిచేస్తాయి, నిరోధం సగానికి తగ్గుతుంది. 4 మిల్లీఓమ్‌ల మోస్‌ఫెట్లు రెండింటి గుండా 16 ఆంపియర్లు పారితే వేడి 2 వాట్లే. అదే 50 ఆంపియర్లయితే 20 వాట్లు. స్విచ్చింగ్‌లో పోయేది ఇంకా వేరే. కనుక నున్నటి రోడ్డు మీద ఆఫీసుకు వెళ్లొచ్చే సైకిల్‌కు ఆరు మోస్‌ఫెట్లు చాలు. గ్యాస్ సిలిండరో కూరగాయల బస్తాలో వేసుకుని సింహాచలం ఘాట్ లాంటి రోడ్డెక్కే బండికి చాలవు. పెద్ద కంట్రోలర్ వేస్తే వేగం పెరుగుతుంది కదా అని ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది. పెరగదు. చదును రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది వోల్టేజీ, మోటార్ చుట్టుడు తీరూ. కరెంటు పెంచితే పెరిగేది ఎత్తెక్కే బలం, ఆగిన చోటు నుంచి ఉరికే చురుకు, వాటితోపాటే వేడి. మోటార్‌కు కరెంటును నున్నటి అలలా పంపే సైన్ వేవ్ కంట్రోలర్ కొంటే బ్యాటరీ చాలాసేపు వస్తుందన్నది ఇంకో మాట. దాని వల్ల చప్పుడు తగ్గుతుంది, నడక మెత్తగా ఉంటుంది, ఆ మేరకు డబ్బుకు విలువుంది. మైలేజీలో వచ్చే తేడా మాత్రం చిన్నది, టైర్లలో గాలి తగ్గితే పోయేంత.

ఇక సెట్టింగులు. మన దగ్గర కిట్లలో తరచూ కనిపించే చైనా తయారీ కేటీ కంట్రోలర్లకు డిస్‌ప్లే బటన్లతోనే పీ, సీ అక్షరాలతో మొదలయ్యే మెనూ తెరుచుకుంటుంది. పీ1లో మోటార్ అయస్కాంతాలకూ గేర్ నిష్పత్తికీ సంబంధించిన అంకె వేస్తే వేగం సరిగ్గా చూపిస్తుంది. సీ12 తక్కువ వోల్టేజి హద్దును కాస్త పైకీ కిందికీ జరుపుతుంది. అందరికీ పనికొచ్చేది సీ5. దాంట్లో 10 అంటే పూర్తి కరెంటు, 3 అంటే సగం. చాలామంది దాన్ని ముట్టుకోరు, ముట్టుకున్నా పెంచడానికే చూస్తారు. పాత బ్యాటరీని ఇంకొన్నాళ్లు లాగించాలన్నా, చిన్న మోటార్‌కు పెద్ద కంట్రోలర్ అతికించాల్సి వచ్చినా దాన్ని తగ్గించడమే తెలివైన పని. ఈ మెనూలో దొరకనిది ఒకటుంది, ఫేజ్ కరెంటు హద్దు. అది లోపలే స్థిరపడి, సాధారణంగా బ్యాటరీ హద్దుకు రెండు మూడు రెట్లుంటుంది. స్వీడన్‌కు చెందిన బెంజమిన్ వెడ్డర్ రూపొందించి అందరికీ తెరిచిపెట్టిన వెస్క్ కంట్రోలర్ ఈ విషయంలో భిన్నం. దాంట్లో మోటార్ కరెంటు, బ్యాటరీ కరెంటు వేర్వేరు గడుల్లో కనిపిస్తాయి. మోటార్‌ను తగిలించి సెటప్ నడిపితే దాని నిరోధాన్నీ ఇండక్టెన్స్‌నూ అదే కొలుచుకుంటుంది. మోటార్‌లో ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే వేడెక్కేకొద్దీ కరెంటును తానే తగ్గిస్తుంది. ధర ఎక్కువ, నేర్చుకోవాల్సిందీ ఎక్కువే. కానీ హద్దులను విడదీసి చూపించడం ఖరీదైన సాంకేతికతేమీ కాదని, చూపించాలనుకుంటే చూపించవచ్చని అది రుజువు చేసింది.

హద్దులన్నీ కంపెనీలూ ప్రభుత్వమూ వేసిన కళ్లేలని, వాటిని తెంచుకోవడం వాహనదారుడి హక్కని వాదించేవాళ్లున్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కంట్రోలర్‌కు తాళం వేసి, తమ డిస్‌ప్లే తప్ప ఇంకోటి పనిచేయకుండా చేయడం వ్యాపార ఎత్తుగడే. కానీ చట్టం పెట్టిన హద్దును ఒకసారి దగ్గరగా చదవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేని బండి కావాలంటే వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించకూడదు, మోటార్ ముప్పై నిమిషాల పవర్ 250 వాట్ల కన్నా తక్కువుండాలి. ముప్పై నిమిషాలు అన్న మాటే ఇక్కడ కీలకం. ఒక్క క్షణం ఎంత లాగగలదన్నది కాదు, అరగంటపాటు నిలకడగా ఎంత లాగగలదన్నది కొలత. మరోలా చెప్పాలంటే అది వేడి మీద పెట్టిన హద్దు. పెట్టె మీది 250 వాట్లకు ఏదైనా అర్థం ఉంటే అది ఇదే. ఆ హద్దు దాటిన బండి మోటారు వాహనం అవుతుంది, నంబరు ప్లేటు నుంచి ఇన్సూరెన్స్ దాకా అన్నీ వర్తిస్తాయి. చట్టాన్ని పక్కనపెట్టినా భౌతికశాస్త్రం రాయితీ ఇవ్వదు. కంట్రోలర్‌లో కరెంటును కొలవడానికి బోర్డు మీద షంట్ అనే లావుపాటి లోహపు తీగ ముక్క ఒకటుంటుంది. దాని మీద సోల్డర్ పోసి లావు చేస్తే నిరోధం తగ్గి, కంట్రోలర్ తక్కువ కరెంటు పోతోందనుకుని మరింత వదులుతుంది. బండికి బలం వచ్చినట్టే ఉంటుంది. ఇది జ్వరమొచ్చినవాడి థర్మామీటర్‌ను చన్నీళ్లలో ముంచి తగ్గిందనడం లాంటిది. మోస్‌ఫెట్లకూ కెపాసిటర్లకూ తగిలే వేడి పెరిగింది, దాన్ని చూడాల్సిన కన్ను మాత్రం పోయింది. పెంచాలనుకుంటే అంత కరెంటుకు చేసిన కంట్రోలర్ కొనుక్కోవడమే దారి.

మరమ్మతుకు వచ్చేసరికి బండి కదలకపోతే మొదటి మాట కంట్రోలర్ పోయింది అని. డబ్బా విప్పే ముందు దాని చుట్టూ ఉన్నవాటిని తోసిపుచ్చాలి. బ్రేక్ లీవర్‌లోని కటాఫ్ స్విచ్ ఇరుక్కుంటే కంట్రోలర్ బ్రేకు పట్టారనుకుని మోటార్‌ను ఆపేస్తుంది, అంతా బాగున్నా బండి కదలదు. థ్రాటిల్‌కు 5 వోల్టులు అందాలి. తిప్పకుండా ఉంటే సిగ్నల్ వైరు మీద 1 వోల్టుకు అటూఇటూ, పూర్తిగా తిప్పితే 4 వోల్టుల దగ్గర కనిపించాలి. సున్నా నుంచి 5 దాకా వాడకపోవడానికి కారణం ఉంది. గ్రౌండ్ వైరు తెగితే సిగ్నల్ 5కు ఎగబాకుతుంది, దాన్ని కంట్రోలర్ పూర్తి వేగంగా కాక లోపంగా గుర్తించాలి. ఆ 5 వోల్టులే అందకపోతే ఒక చిన్న పరీక్ష చాలా చెబుతుంది. మోటార్ హాల్ కనెక్టర్‌ను ఊడదీసి మళ్లీ చూడాలి. వోల్టేజి తిరిగొస్తే దోషి థ్రాటిలూ కాదు, కంట్రోలరూ కాదు. ఇరుసు దగ్గర వంగి నలిగిన మోటార్ కేబుల్‌లో హాల్ వైర్లు ఒకదానికొకటి తగిలి, థ్రాటిలూ హాల్ సెన్సర్లూ పంచుకునే 5 వోల్టులను కిందికి లాగేస్తున్నాయి.

అవన్నీ బాగుంటే అప్పుడు మోస్‌ఫెట్లు. దీనికి మొదటి పరికరం మన చేయే. బ్యాటరీ తీసేసి, చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పాలి. గేర్లున్న హబ్ అయితే వెనక్కి తిప్పాలి, ముందుకు తిప్పితే లోపలి ఫ్రీవీల్ వల్ల ఏమీ తెలియదు. చక్రం ఆగి ఆగి, పట్టి లాగినట్టు తిరుగుతుంటే మూడు ఫేజ్ వైర్లూ ఊడదీసి మళ్లీ తిప్పాలి. స్వేచ్ఛగా తిరిగిందంటే షార్ట్ కంట్రోలర్‌లో ఉంది. అప్పటికీ పట్టేస్తుంటే మోటార్‌లోనే ఉంది. తర్వాత మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి, ఎర్ర కొస బ్యాటరీ నెగెటివ్ మీద, నల్ల కొస ఒక్కో ఫేజ్ వైరు మీద ఆనిస్తే అర వోల్టుకు దగ్గర్లో చూపించాలి. నల్ల కొస బ్యాటరీ పాజిటివ్ మీద, ఎర్ర కొస ఫేజుల మీద పెట్టినా అంతే రావాలి. ఆరు కొలతలూ ఇంచుమించు సమానమైతే మోస్‌ఫెట్లు క్షేమమని నమ్మవచ్చు. ఎక్కడైనా సున్నా వచ్చి మీటర్ కూసిందంటే ఆ మోస్‌ఫెట్ పోయింది. మోస్‌ఫెట్ చెడిపోయేటప్పుడు చాలావరకు తెగిపోదు, అతుక్కుపోతుంది. ఇదంతా చేసేముందు కెపాసిటర్లలో మిగిలిన చార్జిని ఒక రెసిస్టర్‌తో ఖాళీ చేయడం మరవకూడదు.

ఇంత తిప్పలెందుకు, కొత్త కంట్రోలర్ తక్కువ ధరకే వస్తుంది కదా అని అడగవచ్చు. కొన్నిసార్లు అదే సరి. బోర్డు మొత్తాన్ని నల్లటి జిగురులో ముంచి గట్టిపరిచిన డబ్బాలను విప్పి బాగుచేయడం దాదాపు అసాధ్యం. కానీ కారణం తెలియకుండా మార్చిన కంట్రోలర్ పాతదాని దారే పడుతుంది. ఇరుసు దగ్గర నలిగిన ఫేజ్ వైర్లు ఒకదానికొకటి తగిలి మొదటి డబ్బాను కాల్చి ఉంటే, రెండోదాన్నీ కాలుస్తాయి. కొత్తదానికి వైర్ల రంగులు అవే ఉన్నా వరస అదే ఉండాలని లేదు. మూడు ఫేజులు, మూడు హాల్ సిగ్నళ్లను కలపడానికి 36 మార్గాలుంటే సాఫీగా తిరిగేవి ఆరే, అందులో ముందుకు తిరిగేవి మూడు. తప్పు వరసలో చక్రం వణుకుతూ తిరిగినా తిరుగుతుంది, ఉత్తినే ఉన్నప్పుడు కూడా కరెంటు విపరీతంగా తాగి మోస్‌ఫెట్లను వేడెక్కిస్తుంది. అందుకే చాలా కంట్రోలర్లలో లెర్నింగ్ వైర్ల జంట ఒకటి ఇస్తారు. చక్రం గాల్లో ఉంచి వాటిని కలిపితే సరైన వరసను అదే వెతుక్కుంటుంది. మోస్‌ఫెట్ మారిస్తే దాన్ని నడిపే డ్రైవర్ భాగాలనూ పరీక్షించాలి, అదే రకం మోస్‌ఫెట్ వేయాలి, డబ్బాకు వేడి అందించే పలుచటి ఇన్సులేటర్‌నూ పేస్టునూ తిరిగి సరిగా అమర్చాలి. మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు ఫిలమెంట్ ఉన్న 230 వోల్టుల 100 వాట్ల పాత బల్బును వరసలో పెడితే చాలు. ఇంకా షార్ట్ ఉంటే బల్బు మసగ్గా వెలిగి ఆ సంగతి చెబుతుంది, పార్టులు మిగులుతాయి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్‌ను ప్రారంభించి, అందులో వాహనాల రంగాన్నీ చేర్చింది. ఎలక్ట్రిక్ సైకిళ్ల విషయంలో ఆ ఆలోచనకు అర్థం ఉండాలంటే అడగాల్సింది పెద్దదేమీ కాదు. కంట్రోలర్ మీద వాట్లకు బదులు నాలుగు విషయాలు అచ్చువేయాలి: తట్టుకునే గరిష్ఠ వోల్టేజి, ఆగిపోయే కనిష్ఠ వోల్టేజి, బ్యాటరీ కరెంటు హద్దు, ఫేజ్ కరెంటు హద్దు. వాటితోపాటు వైర్ల పటం ఒకటి. తయారుచేసినవాళ్లకు ఈ అంకెలన్నీ ముందే తెలుసు, ఎందుకంటే అవి తెలియకుండా డబ్బాను రూపొందించడం కుదరదు. అవి కొనేవారి చేతికీ మెకానిక్ చేతికీ చేరితే, మోటార్‌కు కంట్రోలర్‌ను జత చేయడం ఊహాగానం కాకుండా కూడికలూ గుణకారాల పని అవుతుంది. అంతదాకా దుకాణంలో ఎన్ని వాట్లు అని కాకుండా ఫేజ్ కరెంటు ఎంత అని అడిగి, జవాబు చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనడం మేలు.